గంపగుత్తగా అమ్మేయకండి: పాత కంప్యూటర్ల ధర్మకర్తలకు ఒక బహిరంగ లేఖ

ధర్మకర్తల మండలి సభ్యులకు నమస్కారం.

గిడ్డంగిలోని వందల కంప్యూటర్లలోంచి నలభై తీసి పరీక్షించమని మీరు నన్ను పిలిచారు. మూడు రోజులు కూర్చుని చూశాను, రిపోర్టు ఇచ్చాను. దాంతో నా పని అయిపోయింది. ఆ తరవాత మొత్తం సరుకు ఎలా అమ్మితే న్యాయంగా ఉంటుందో చెప్పమని మీరు అందరినీ అడిగారు. అందరి ముందూ అడిగారు కాబట్టి అందరి ముందే చెబుతున్నాను.

ముందు నా సంగతి ఒకటి ఒప్పేసుకోవాలి. ఆ గుట్టలో నాకూ ఒకటి కావాలి. ఎడమ గోడ పక్కన మూడో వరసలో ఉన్న అమిగా 2000. రిపోర్టు రాసేటప్పుడు దాని గురించి మంచి మాటలు కాస్త తగ్గించి రాశానేమోనని రాత్రి అనుమానం వచ్చి, లేచి మళ్లీ చదువుకున్నాను. నిజంగానే ఒక వాక్యం తక్కువైంది, చేర్చాను. అందుకని మొదటి మనవి ఇదే: సరుకు లోపలికెళ్లి చూసిన వాళ్లెవరికీ, నాతో సహా, ముందు ఏరుకునే అవకాశం ఇవ్వకండి. బయట నిలబడ్డ వాళ్లకి ఏ వరసో మాకూ అదే వరస.

మిగతావాళ్ల కోసం సరుకేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. సగం దాకా ఏనాడో మూతబడ్డ ఒక డీలరు దగ్గర అమ్ముడుపోక మిగిలినవి, కొన్నింటికి సీలు కూడా తీయలేదు. తక్కినవి బళ్లలో వాడి వాడి వదిలేసినవి. కమోడోర్ 64లు, బీబీసీ మైక్రోలు, అమిగాలు, బుల్లి మెకింటాష్‌లు, ఐబీఎం ఎక్స్‌టీ బాపతు పీసీలు. వాటితోపాటు మాన్యువళ్లు, ఫ్లాపీలు, ఏ యంత్రానివో తెలియని కేబుళ్లు.

మీ ముందు గంపగుత్త బేరం ఒకటి ఉందని విన్నాను. ఒకే కొనుగోలుదారు, ఒకే చెక్కు, వారంలో గిడ్డంగి ఖాళీ. అద్దె కడుతున్న వాళ్లకి ఆ మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు తెలుసు. ఆయన మోసగాడని నేననడం లేదు. ఆయన లెక్క మాత్రం ఇలా ఉంటుంది: మొత్తం సరుకుకి తుక్కు కన్నా నాలుగు రూపాయలు ఎక్కువ కట్టి తీసుకుంటాడు. అందులో మెరిసే వాటిని ఏరి పక్కన పెడతాడు. పెట్టుబడి ఆ కాసినిటి మీదే తిరిగొచ్చేస్తుంది. ఇక మిగిలినవాటిని నెలకి రెండో మూడో 'అరుదైనది' అని రాసి వదులుతాడు, బోరు కొట్టించే పీసీలు నేరుగా తూకానికి పోతాయి. గిడ్డంగిలో వందలున్న వస్తువు బయట అరుదైపోతుంది. కొనేవాడికి ఆ వందల సంగతి తెలియదు కదా.

మీ భయం నాకు అర్థమైంది. అన్నీ ఒకేసారి బయటికొస్తే ధర పడిపోతుందని. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఊరికే పుట్టలేదు. కానీ పాత కంప్యూటర్ల విషయంలో ఈ లెక్క ఒక్కోసారి తిరగబడుతుంది. నాబూ కథే చూడండి.

1980ల మొదట్లో కెనడాలోని ఒట్టావాలో నాబూ అనే కంపెనీ ఒక వింత పని చేసింది. కేబుల్ టీవీ తీగలోంచి కంప్యూటరు ప్రోగ్రాములు అందుకునే ఇంటి కంప్యూటరు తయారుచేసింది. లోపల జిలాగ్ జడ్80 ప్రాసెసరు, 64 కిలోబైట్ల మెమరీ. మామూలుగా దానికి డిస్కు ఉండదు. కావలసిన ప్రోగ్రాము కేబుల్లో తిరుగుతూ ఉంటుంది, తన వంతు రాగానే యంత్రం పట్టుకుంటుంది. నెట్‌వర్కు 1983లో మొదలైంది, ఎంతోకాలం నిలవలేదు. నెట్‌వర్కు పోయాక ఆ పెట్టె ఎందుకూ కొరగాదు, ఊరు విడిచిపోయిన రేడియో స్టేషనుకు మాత్రమే పలికే రేడియోలాగా. అలాంటివి రెండు వేలకు పైగా అమెరికాలో ఒక కొట్టంలో దశాబ్దాల తరబడి పడి ఉన్నాయి. 2022లో అవి ఒక్కొక్కటిగా ఆన్‌లైన్ అమ్మకానికొచ్చాయి.

లెక్క ప్రకారం వాటికి గిరాకీ ఉండకూడదు. సర్వరు లేదు, ఆట లేదు, పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. కానీ ఒకే యంత్రం ఒకే సమయంలో వందల మంది బల్లల మీదికి చేరింది. ఒకడు సర్క్యూట్ గీసి పెట్టాడు, ఇంకొకడు తీగ కలిపే పద్ధతి చెప్పాడు, మరొకరు పోయిన నెట్‌వర్కు స్థానంలో మామూలు పీసీని కూర్చోబెట్టే ప్రోగ్రాము రాశారు. టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ మ్యూజియం వాళ్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆ నెట్‌వర్కును తిరిగి నిలబెట్టే పని చేసి ఉంచారు. అంతా కలిసి ఆ పెట్టెలు మళ్లీ పలికాయి, కొత్త ఆటలు కూడా వచ్చాయి. ఆ రెండు వేలూ ఒకే దళారి చేతిలో పడి నెలకి రెండు చొప్పున బయటికొచ్చి ఉంటే, ఎవడి దగ్గర వాడు ఒంటరిగా ఒక నల్ల తెర చూసుకుంటూ కూర్చునేవాడు. గుంపు పుట్టడానికి గుట్ట కావాలి. మీ దగ్గర ఆ గుట్ట ఉంది.

ఇక అసలు మాట. పంచడం ఒక ఎత్తు, ప్రతి పెట్టె మీదా నిజం రాయడం ఇంకో ఎత్తు. సీలు తీయని పెట్టెల మీద మీకు చాలా ఆశ ఉన్నట్టుంది. నేను తీసిన ఒకదాని సంగతి చెబుతాను. టేపు పసుపు రంగుకు తిరిగింది గానీ ఊడలేదు. లోపల థర్మోకోల్ అచ్చు, దాని మీద ప్లాస్టిక్ సంచీ, ఎవరి వేలిముద్రా పడని అమిగా 500 ప్లస్. కొత్త ప్లాస్టిక్ వాసన ఇంకా అలాగే ఉంది. ఒక్క క్షణం చేతులు వెనక్కి తీసుకున్నాను, ముట్టుకోబుద్ధి కాలేదు. తరవాత మూత విప్పాను. మదర్‌బోర్డు మూలన బ్యారెల్ బ్యాటరీ ఉంటుంది, గడియారం ఆగిపోకుండా చార్జి పట్టి ఉంచేది. దాని చుట్టూ నీలంపచ్చ పొడి. గోటితో తాకితే రాలింది. పొడి కింద రాగి దారులు నల్లబడి, రెండు చోట్ల పూర్తిగా తినేసి ఉన్నాయి. 1991 నాటి యంత్రం, ఒక్కసారి కూడా స్విచ్ వేయలేదు, అయినా చచ్చిపోయింది. అదే వరసలో వాడి వాడి అరిగిన, ఒక కీ ఊడిపోయిన అమిగా ఇంకోటుంది. దాని బ్యాటరీని ఏనాడో ఎవరో పుణ్యాత్ముడు కత్తిరించేశాడు. అది ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తోంది.

సీలు ఉందని రెట్టింపు ధర పెట్టి ఆ మొదటిదాన్ని అమ్మితే అబద్ధం ఆడినట్టు కాదు, నిజమే. న్యాయం చేసినట్టూ కాదు. బ్యాటరీ ఉండే మోడళ్లకి పెట్టె తెరిచి బ్యాటరీ తీసేయండి, తీసినట్టు రాయండి. సీలుకి మోజుపడే కలెక్టర్లు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి. చాలా మెకింటాష్‌లలో పెన్సిల్ సెల్లులో సగం సైజు లిథియం బ్యాటరీ ఉంటుంది, అది కారితే బోర్డుతో పాటు లోపలి ఇనప చట్రాన్నీ తుప్పు పట్టించేస్తుంది. నేను తెరిచిన ఎస్‌ఈ/30 అనే మెకింటాష్‌లో బ్యాటరీ బాగానే ఉంది గానీ, కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిలవ ఉంచే బుల్లి భాగాలు) కారి బోర్డు జిగటగా తయారైంది. అది వాటికి మామూలే.

'పనిచేస్తుంది' అన్న మాట దగ్గరికొద్దాం. ఈ వ్యాపారంలో ఇంతకన్నా సాగే మాట లేదు. ఒకసారి నేనే ఒక అమ్మకందారు దగ్గర కమోడోర్ 64 కొన్నాను. 'పనిచేస్తుంది, లైటు వెలుగుతోంది' అన్నాడు. వెలిగింది. టీవీకి తగిలిస్తే నల్ల తెర. అడిగితే, లైటు వెలుగుతుందనే కదా చెప్పాను అన్నాడు. ఆ తరవాత తెలిసింది, అతను దాన్ని పాత ఒరిజినల్ అడాప్టరుతోనే పరీక్షించాడని. ఆ అడాప్టరు లోపలంతా గట్టి రెసిన్ పోసి మూసేసిన ఇటుక. అందులో 5 వోల్టుల రెగ్యులేటరు పాతబడితే వోల్టేజీ పైకి పాకుతుంది, ముందుగా మెమరీ చిప్పులు బలవుతాయి. అంటే, అప్పటిదాకా బతికే ఉన్న యంత్రాన్ని పరీక్ష పేరుతో అతనే చంపి ఉండొచ్చు. అందుకే మీ వాలంటీర్లకి చెప్పండి: మల్టీమీటరుతో అడాప్టరు కొలవకుండా ఏ 64కీ కరెంటు ఇవ్వొద్దు. బీబీసీ మైక్రోల పవర్ సప్లైలో రీఫా కెపాసిటర్లు ఉంటాయి, వాటి పారదర్శకమైన తొడుగు మీద సన్న పగుళ్లు కనిపిస్తాయి. ఆ పగుళ్లలోంచి చెమ్మ లోపలికి పోతుంది, కరెంటు ఇచ్చాక కాసేపటికి పొగ. యంత్రానికి పెద్దగా ఏమీ కాదు గానీ, ఆ కంపు గదిలోంచి ఒక పట్టాన పోదు. అనుభవంతో చెబుతున్నాను.

కాబట్టి చీటీ మీద 'పనిచేస్తుంది', 'బాగుంది', 'పరీక్షించలేదు' లాంటి మాటలు వద్దు. ఏం చేశారో అది రాయండి. 'మూత తీశాం, బ్యాటరీ తీశాం, కారలేదు. కొలిచిన అడాప్టరుతో వేశాం, బేసిక్ తెర వచ్చింది. కీలన్నీ నొక్కి చూశాం, రెండు పలకలేదు. డిస్క్ డ్రైవ్ చూడలేదు.' ఇంతే. చూడనిది చూడలేదని రాయడానికి సిగ్గుపడక్కర్లేదు. సీరియల్ నంబరు, లోపలి బోర్డు ఫోటో ఒకటి. కొనేవాడికి కావలసింది మూత బొమ్మ కాదు, మూత కింది బొమ్మ.

ధర సంగతి. అన్నీ వేలం వేయమని కొందరు మీకు చెబుతున్నారు. వేలంలో అసలు ధర తెలుస్తుందని వాళ్ల వాదన. ఒక్కటే ఉన్న వస్తువుకి అది నిజం కావచ్చు. ఒకే రకానివి నూట యాభై ఉంటే, చివరి నిమిషంలో మీట నొక్కేవాడి చురుకుదనం తప్ప ఇంకేమీ తెలియదు. సోమవారం ఒకడు మూడింతలు పెట్టి కొంటాడు, గురువారం ఇంకొకడికి అదే సగానికి దొరుకుతుంది. అలాంటివాటికి స్థిరమైన ధర పెట్టండి. స్థితిని బట్టి మూడు ధరలు చాలు. మొదటి విడతలో మనిషికి ఒక్కటే. 'ముందొచ్చిన వారికి ముందు' పద్ధతి కూడా వద్దు. అది చూడటానికి న్యాయంగా ఉంటుంది గానీ, అమ్మకం తెరిచిన గంటలో ఎవరు మేలుకుని ఉన్నారు, ఎవరి దగ్గర మనిషి బదులు తనే మీట నొక్కే ప్రోగ్రాము, అదే బాట్, ఉంది అన్నదే తేలుస్తుంది. వారం రోజులు పేర్లు తీసుకోండి, లాటరీ తీయండి. రాని వాళ్లకి రెండో విడతలో ముందు చోటు.

నిజంగా ఒకటో రెండో ఉన్నవాటికి, ఆ గాజు అలమరాలో పెట్టిన ప్రోటోటైపు బోర్డు లాంటివాటికి, మూసిన కవర్లలో బిడ్లు తీసుకోండి. అందులోనూ ఒక మెలిక ఉంది. ఎక్కువ రాసినవాడే గెలుస్తాడు, కానీ కట్టేది రెండో స్థానంలో ఉన్నవాడు రాసిన ధర. విలియం వికరీ అనే ఆర్థికవేత్త 1961లో దీని మీద పెద్ద వ్యాసం రాశాడు, 1996లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పద్ధతిలో పక్కవాడు ఎంత రాస్తాడో ఊహించి తగ్గించి రాసే అవసరం ఉండదు. తనకి ఆ వస్తువు ఎంత విలువో అంతా రాసేయొచ్చు. ఒకే రకానివి నాలుగుంటే, పై నలుగురూ గెలుస్తారు, అందరూ ఐదోవాడి ధర కడతారు. ఒక షరతు: కవర్లన్నీ తెరిచాక పేర్లు తీసేసి అంకెలు బయట పెట్టాలి. లేకపోతే ఆ రెండో ధర మీరే రాసుకున్నారని అంటారు. అంటారు, తప్పకుండా.

మళ్లీ అమ్ముకునే వాళ్ల మీద కోపంతో నియమాలు రాయకండి. కొని రిపేరు చేసి అమ్మేవాడు లేకపోతే ఈ లోకం ఎప్పుడో ఆగిపోయేది. నేనూ పది పన్నెండు అలాగే అమ్మాను. తిరిగి అమ్మకూడదని సంతకం పెట్టించుకుంటే పట్టుకునేదెవరు? మొదటి విడతలు అయ్యాక మిగిలినవి ఎన్ని కావాలన్నా కొనుక్కోనివ్వండి. బోర్డు తినేసినవి, పగిలినవి రిపేరు చేసేవాళ్లకి ఐదేసి, పదేసి లాట్లుగా చవగ్గా ఇవ్వండి. ఆ అమిగా 500 ప్లస్ బోర్డు చచ్చినా దాని కీబోర్డు, మూత, కస్టమ్ చిప్పులు ఇంకో మూడింటిని బతికిస్తాయి. ఆ లాట్ మీద మాత్రం 'విడిభాగాల కోసం' అని రాస్తే చాలదు, ఏం పోయిందో రాయండి.

ఫ్లాపీలు, మాన్యువళ్లు విడిగా అమ్మేస్తే డబ్బొస్తుందని మీలో ఒకరన్నారు. వస్తుంది. కానీ ఆ లేబుళ్లు లేని ఫ్లాపీల్లో ఏముందో మనకి తెలియదు. ముందు నకలు తీయించండి. మామూలుగా ఫైళ్లు కాపీ కొట్టడం కాదు, గ్రీస్‌వీజిల్ లాంటి బోర్డుతో అయస్కాంత గుర్తులను ఉన్నవున్నట్టు చదివించాలి. బూజు పట్టిన డిస్కుని డ్రైవులో పెట్టకూడదు, దాని పూతా పోతుంది, డ్రైవ్ హెడ్డూ పాడవుతుంది. ఇక బళ్లనుంచి వచ్చిన హార్డ్ డిస్కుల్లో అప్పటి పిల్లల మార్కులు, చిరునామాలు ఉండే అవకాశం ఉంది. ఆ పిల్లలకి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి, అయినా వాళ్ల వివరాలు వాళ్లవే. నకలు తీసినచోట మీలో ఒకరు కూర్చుని వ్యక్తిగతమైనవి తీసేయించి, డిస్కు పూర్తిగా చెరిపించాకే అమ్మండి. దీనికి టైము పడుతుంది, తప్పదు.

అంతా మ్యూజియానికి ఇచ్చేస్తే గొడవ వదులుతుందన్న మాట కూడా విన్నాను. ఒకటి రెండు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. అన్నీ మాత్రం ఏ మ్యూజియమూ తీసుకోదు. తీసుకున్నా శాశ్వతం అనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ అలెన్ సియాటిల్లో లివింగ్ కంప్యూటర్స్ అని గొప్ప మ్యూజియం పెట్టారు, అక్కడ పాత యంత్రాలను నడిపించి చూపేవాళ్లు. ఆయన 2018లో పోయారు. 2020లో కోవిడ్ రోజుల్లో మూసిన తలుపు మళ్లీ తెరుచుకోలేదు. 2024లో కొన్ని వస్తువులు క్రిస్టీస్ అనే వేలం సంస్థ ద్వారా అమ్మకానికి వెళ్లాయి. ఇచ్చే ముందు ఒక్క వాక్యం రాయించుకోండి: అక్కర్లేనప్పుడు ఎవరికి, ఎలా ఇస్తారో.

రవాణా గురించి క్లుప్తంగా. పిక్చర్ ట్యూబ్ ఉన్నవాటిని, వీలైతే, వచ్చి పట్టుకెళ్లేవాళ్లకే ఇవ్వండి. ట్యూబు మెడ దగ్గర గాజు చాలా పలచన, పార్సిల్ ఒకసారి జారితే చాలు. ఎక్స్‌టీ కాలపు హార్డ్ డిస్కుల్లో చాలావాటికి చదివే హెడ్ తనంతట తాను పక్కకు జరగదు, ప్యాక్ చేసేముందు పార్క్ కమాండ్ ఇవ్వాలి. పనిచేయని యంత్రాలు దేశం దాటిస్తే బాసెల్ ఒప్పందం (ప్రమాదకర వ్యర్థాలు దేశాలు దాటడం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) కింద ఈ-వ్యర్థాల లెక్కలోకి రావచ్చు. 2025 జనవరి 1 నుంచి ఆ నిబంధనలు ఇంకా బిగిశాయి, ప్రమాదకరం కాని ఈ-వ్యర్థాలకీ రెండు వైపులా ముందస్తు అనుమతి కావాలి. కాబట్టి లాట్లు పంపేముందు తెలిసినవాళ్లని అడగండి.

తుక్కుకి పోవాల్సినవీ ఉన్నాయి. కుడివైపు తలుపు దగ్గర వానలో తడిసిన ఇరవై దాకా మానిటర్లు, వాటి గురించి ఎవరూ కన్నీళ్లు పెట్టుకోవద్దు. గాజులో సీసం ఉంటుంది కాబట్టి, పద్ధతిగా రీసైకిల్ చేసే చోటికి పంపండి, అంతే.

మండలి తీర్మానానికి నెల పడుతుందన్నారు. అమ్మకం నెల ఆగొచ్చు, బ్యాటరీలు ఆగవు. గోదాము తాళం ఒక ఆదివారం ఇస్తే చాలు, నలుగురం వచ్చి తీసేస్తాం. కట్టర్లు, చేతి తొడుగులు, కారినది తుడవడానికి వెనిగర్ మేమే తెచ్చుకుంటాం. మీవాళ్లొకరు పక్కన కూర్చుని ప్రతి సీరియల్ నంబరూ రాసుకోవాలి. మూడో వరసలో అమిగా 2000 దగ్గరికి నేను వెళ్లను, దాని మూత ఇంకెవరైనా విప్పుతారు.

ఇట్లు,
మీ గిడ్డంగిలో నలభై మూతలు విప్పిన రిపేరు మనిషి